ఉడుత గారి మోకాళ్ళు

జూన్ 2, సోమవారం

ఈ ఉదయం పిన్ని కళ్ళజోడు కాడకి ఒక దారప్పోగు చుట్టుకుని ఉంది. లేత ఆకుపచ్చది. చెవి వెనకనుంచి మొలక లేచినట్టుంది. చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేలోగా ఒక కస్టమరు వచ్చింది, ఆవిడ వెళ్ళేలోగా ఇంకొకరు వచ్చారు. మధ్యాహ్నం మిషనక్క చూసి, "ఏం పిన్నీ, చెవిలో తోట వేస్తున్నావా?" అని లాగి పారేసింది.

"పొద్దుటినుంచి ఎదురుగానే తిరుగుతున్నావు, నీకు కనబడలేదుటే?" అంది పిన్ని నాతో.

కనబడింది.

ఇదీ నా సంగతి. అందుకే ఈ డైరీ కొన్నాను. చెప్పని మాటలు కూడా ఎక్కడో ఒక చోట సర్దిపెట్టుకోవాలి కదా.

జూన్ 3, మంగళవారం

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ ఒకరు వెనక గదిలోకి తొంగి చూసి, "నువ్వేం చేస్తావమ్మా ఇక్కడ?" అని అడిగింది. "డిజైన్లు" అన్నాను. మిగతా జవాబు ఇప్పుడొచ్చింది.

ఇంటర్నెట్‌లో ఎంబ్రాయిడరీ డిజైన్లు, అంటే మిషన్ బట్ట మీద కుట్టే బొమ్మలు, వెతుకుతానండీ. గులాబీ అని కొడితే లక్ష గులాబీలు వస్తాయి, మీకు కావలసింది అందులో ఉండదు. "డౌన్‌లోడ్" అని పెద్ద పెద్ద బొత్తాలు మెరుస్తుంటాయి, అవన్నీ మోసం. అసలుది ఓ మూల చిన్న అక్షరాల్లో, పెళ్ళికి పిలవని చుట్టంలా నిలబడి ఉంటుంది. బొమ్మలో తెల్ల బాతు ఉంటుంది, ఫైలు తెరిస్తే ఊదా రంగు బాతు వస్తుంది. ఎందుకంటే మిషన్ ఫైలుకి రంగులు తెలియవు, ఎక్కడ ఆగి దారం మార్చుకోవాలో మాత్రమే తెలుసు. తెచ్చిన ప్రతి డిజైన్నీ మా పెద్ద మిషన్ కోసం ఒక పిసరు కుడికి వంచాలి. ఆ మిషన్‌ని తెచ్చిన రోజు మెట్ల మీద జారవిడిచారట, అప్పటినుంచి ఏది కుట్టినా ఎడమకి వాలుతుంది. వంచాక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మధ్య గదిలో మిషన్లు నడిపే మిషనక్కకి ఇస్తాను. ముందు గదిలో మా పిన్ని మీతో మాట్లాడుతుంది. ఆవిడ మా అమ్మ చెల్లెలే గాని, షాపుకి వచ్చేవాళ్ళందరికీ పిన్నే. షాపు పైనే మా ఇల్లు. అదండీ నా పని.

ఆవిడ ఈపాటికి ఇల్లు చేరి, భోంచేసి, నన్ను పూర్తిగా మర్చిపోయి ఉంటుంది.

జూన్ 5, గురువారం

సైటులో నా కుందేలు కింద మళ్ళీ కామెంట్లు వచ్చాయి.

కుట్టుపనివాళ్ళు ఒకరికొకరు డిజైన్లు పంచుకునే సైటు అది. చేత్తో గడి గడికీ ఇంటూ గుర్తు వేసుకుంటూ కుట్టే క్రాస్ స్టిచ్ బొమ్మల్ని నేనే వేసి, మిషన్ కుట్టేలా మార్చి అందులో పెడుతున్నాను. మొదట ఈ కుందేలుని సైటు పనిచేస్తోందో లేదో చూద్దామని పెట్టాను. పనిచేసింది. తరవాత నక్కని పెట్టాను, కోడిపుంజుని పెట్టాను, నిద్రపోయే పిల్లిని పెట్టాను. సైటు పనిచేస్తూనే ఉంది. పేరు అడిగితే, కిటికీ బయట గోడ మీద ఉడుత పరిగెడుతోంది, అదే పెట్టాను.

పిన్నికి చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు.

ఒకావిడ రాసింది: "కుందేలు ముద్దుగా ఉంది గానీ కుడివైపుకి ఒరిగిపోతోందేమండీ, తాగి ఉందా?" ఇంకొకావిడకి కోడిపుంజు ఒరిగిందట. మిషన్లు సరిగా చూసుకోరు, డిజైన్ మీద పడి ఏడుస్తారు. ఆడలేక మద్దెల ఓడు.

జూన్ 7, శనివారం

"సిస్టర్‌కి ఏం చెప్పావే?" అని అడిగింది పిన్ని.

దారం రీళ్ళు కింద పడ్డాయి. ఏరి రంగుల వరసలో సర్దాను. నీలాలు సర్దడం అయ్యేసరికి పిన్ని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

సిస్టర్ నేను చదివిన కాన్వెంటులో లైబ్రరీ చూస్తారు. శనివారాలు మాకు కుట్టు కూడా నేర్పేవారు. ఎప్పుడూ ముందు వైపు చూసేవారు కాదు, గుడ్డ తిరగేసి వెనక చూసేవారు. "ముందు వైపు అందరూ బాగానే కుడతారు" అనేవారు. లైబ్రరీలో తనకి తోడుగా నన్ను ఉద్యోగానికి రమ్మన్నారు, జూలైలో చేరాలి. ఆవిడ ఫోన్ చేసినప్పుడు ఎత్తింది పిన్నే. అందుకని నాకన్నా ముందు ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది.

జూన్ 8, ఆదివారం

అమ్మ ఫోన్. "పుస్తకాల పురుగుకి పుస్తకాల బీరువాలోనే ఉద్యోగం! ఇంకా ఏమిటే ఆలోచన?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే వెళ్తాననా, వెళ్ళననా?"

"ఊఁ."

"దీనితో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం మేలు. మీ పిన్నికివ్వు."

ఇచ్చాను. పిన్ని అటువైపు తిరిగి, "దాని ఇష్టం అక్కా. నేనేమీ అనను" అంది.

పిన్ని ఏదైనా విషయంలో ఏమీ అనకపోవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

అంటే నేను వెళ్ళినా పరవాలేదన్నమాట. మంచిదే. తెలుసుకోవడం మంచిదే.

జూన్ 11, బుధవారం

నిన్న జ్వరం. కిందకి దిగలేదు. సాయంత్రం మిషనక్క పైకి వచ్చి ఒక గుడ్డ ముక్క నా మొహం మీద పరిచింది.

"చూడు కాన్వెంటూ! పళ్ళ డాక్టరమ్మ కర్టెన్లకి. నువ్వు లేవని పిన్ని తనే సైటులో వెతికి, తనే ఎక్కించేసింది. నిటారుగా ఎలా వచ్చిందో చూశావా?"

నా కుందేలు.

తెర మీద తప్ప గుడ్డ మీద దాన్ని ఎప్పుడూ చూడలేదు. చెవుల దగ్గర గులాబీ రంగు దారం నేననుకున్నదానికన్నా బాగుంది. తిరగేసి వెనక చూశాను. వెనక కూడా బాగుంది. ఏడుపొచ్చింది. జ్వరం వల్ల.

ఈలోగా పిన్ని వచ్చింది. "ఎవరో ఉడుతట. పని చూడు, కడిగిన ముత్యంలా ఉంది. నువ్వూ ఉన్నావు ఎందుకు, ఊళ్ళోవాళ్ళవి మోసుకురావడమే గాని ఒక్క గీత గీసిన పాపాన పోయావా?"

లేదని తల ఊపాను.

పిన్ని అలాగే నా మొహంలోకి చూస్తూ నిలబడింది. జ్వరం తగ్గిందో లేదో చూస్తోంది కాబోలు.

జూన్ 12, గురువారం

కొంప మునిగింది.

"కూర్చో. నేను చెప్తాను, నువ్వు కొట్టు" అంది పిన్ని. "అయ్యా, ఉడుత గారూ."

"ఉడుతకి గారేమిటి పిన్నీ?" అని అరిచింది మిషనక్క మధ్య గదిలోంచి.

"పెద్దవాళ్ళో చిన్నవాళ్ళో మనకేం తెలుసు? గారు పెడితే పోయేదేముంది. రాయవే. అయ్యా, ఉడుత గారూ. మాకు రెండు మిషన్లున్న చిన్న షాపు ఉన్నది. ఇన్నాళ్ళూ డిజైన్ల పని చూసిన మా అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళేలా ఉంది. తమరు వచ్చి ఆ కుర్చీలో కూర్చోగలరా?"

నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏం? స్పెల్లింగు రాదా? కాన్వెంటులో చదివించాం."

కొట్టాను. నా చేత్తో, నా కుర్చీలో కూర్చుని, నా కుర్చీలోకి నన్నే రమ్మని పిలుపు పంపాను. ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపి మీరెప్పుడొస్తారని అడిగినట్టుంది.

"నువ్వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నేను చూడలేను బాబూ" అంది పిన్ని లేస్తూ. అందులో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో తెలియలేదు.

జూన్ 13, శుక్రవారం

ఉడుత జవాబిచ్చింది. రాలేనంది. మర్యాదగానే రాశాను.

"ఎందుకు రాలేరట?" అంది పిన్ని నా భుజం మీంచి చూస్తూ.

"మోకాళ్ళ నొప్పులట."

మోకాళ్ళే ఎందుకు రాశానో తెలియదు. చేతికి అవే తగిలాయి.

జూన్ 14, శనివారం

పిన్ని పొద్దున్నే నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని రాయించింది. మెట్లు ఎక్కొద్దని, కింద కూర్చోవద్దని రాయించింది. పని ఇంటినుంచే చెయ్యొచ్చు, రావక్కర్లేదని రాయించింది. చివర్న, "తమరి వయసెంతో తెలుసుకోవచ్చునా?" అని రాయించింది.

మధ్యాహ్నం ఉడుత రిటైరైంది. ఎందులోంచి అని అడగరనుకున్నాను.

జూన్ 16, సోమవారం

అడిగింది. పోస్టాఫీసు అని రాశాను.

"మగవారన్నమాట. మనవలున్నారా అని అడుగు" అంది పిన్ని.

ఇద్దరు మనవలు పుట్టారు.

"భార్య ఉన్నారా అని అడుగు."

"ఏం పిన్నీ, సంబంధం చూస్తున్నావా?" అంది మిషనక్క, దారం బాబిన్ మారుస్తూ.

"చాల్లే. నా మోకాళ్ళు నేను మోసుకోవడమే గగనం. ఇంకొకళ్ళవి కూడా ఎత్తుకోనా?"

ఇద్దరూ విరగబడి నవ్వారు. నాకు ఆ పెద్దాయన మీద జాలేసింది. పాపం, తన మానాన తను కుందేళ్ళు వేసుకునే మనిషి.

భార్య ఉందనే రాశాను. ఆరోగ్యంగా ఉంచాను.

జూన్ 17, మంగళవారం

అబద్ధం ఆడటం పాపమని కాన్వెంటులో చెప్పారు. ఇంత చాకిరీ అని ఎవరూ చెప్పలేదు.

జూన్ 19, గురువారం

పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్లల డాక్టరు. ఆవిడ వెయిటింగ్ గదిలోకే మేం కుట్టే కర్టెన్లు.

"కుందేలు బాగుందండీ. ఇంకో కర్టెన్ మీద నోరు తెరిచిన జంతువు ఏదైనా ఉంటే బాగుంటుంది. చూసి పిల్లలు కూడా నోరు తెరవాలి. సగం పని మీ మిషనే చేసిపెట్టాలి నాకు" అంది.

"మొసలి!" అంది మిషనక్క.

"మొసలిని చూస్తే నోరు తెరుస్తారు నిజమే. అరవడానికి" అంది పిన్ని. అయినా ఉడుత గారికి మొసలి కోసం రాయించింది.

మధ్యాహ్నమంతా మొసలిని వేశాను. గడికో ఇంటూ గుర్తు, పన్నుకి మూడు గడులు. నాకు ఇంత హాయిగా ఉన్న మధ్యాహ్నం ఈ మధ్య లేదు. సైటులో పెట్టి, అక్కడినుంచి నేనే దించుకుని, పిన్నికి చూపించాను. డాక్టరమ్మకి ఫోన్లో పంపాం. కింద పలువరస సరిగా లేదని వెంటనే తిప్పికొట్టింది. మొసలికి కూడా ఆవిడే చూడాలి కాబోలు.

పిన్ని ఆ మాట ఉడుతకి రాయించి కాఫీ పెట్టడానికి పైకి వెళ్ళింది. గ్లాసులతో దిగి వచ్చేసరికి సరిచేసిన మొసలి తెర మీద ఉంది.

"మోకాళ్ళు పట్టేసినా చేతులు మాత్రం చురుగ్గానే ఉన్నాయే పెద్దాయనకి" అంది.

నేను కాఫీ తాగాను. నోరు కాలింది.

జూన్ 21, శనివారం

ఇవాళ ఉడుత పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. నాతో కొట్టించింది కాదు. పిన్ని తన ఫోన్లోంచి, తనంతట తను పంపింది. మధ్యలో దూరిన మిషనక్క మాటలతో సహా ఎలా ఉందో అలాగే ఎత్తి రాస్తున్నాను.

"ఉడుత గారూ నమస్కారం నేను మాట్లాడుతుంటే ఫోనే రాసేస్తుందని మా మిషనక్క చూపించింది అందుకని మీకీ శ్రమ మా అక్క కూతురు గురించి ఒక మాట అడగాలి మంచి పిల్ల పని తెలిసిన పిల్ల కానీ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టుంటుంది పిన్నీ తెల్ల దారం అయిపోయింది ఆ డబ్బాలో చూడవే నేను మాట్లాడుతున్నానా దానికి లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి దానికి హాయే నాకు మాత్రం పంపాలని లేదు ఉండమని అడగొచ్చు అడిగితే ఉంటుంది అదే నా భయం ఎవరికీ కాదని చెప్పడం దానికి చేతకాదు చిన్నప్పుడు బడికి బూట్లు కొన్నాను చిన్నవైపోయాయి ఏడాదంతా అవే వేసుకుంది సరిపోయాయా అంటే సరిపోయాయి పిన్నీ అంది ఏడాది చివర్న చూద్దును కదా వేళ్ళన్నీ బొబ్బలు ఈ షాపు కూడా దానికి ఆ బూట్లేనేమో ఎలా తెలుస్తుంది అక్కడ లేదా ఇంకో డబ్బాలో చూడు మీరు పెద్దవారు మీరైతే అడుగుతారా ఊరుకుంటారా"

బూట్ల సంగతి మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. ఎడమ కాలి చిటికెన వేలు ఒక్కటే ఇప్పటికీ వంకరగా ఉంది.

జూన్ 22, ఆదివారం

షాపు సెలవు. అమ్మకి ఫోన్లో నాలుగుసార్లు "ఊఁ" చెప్పి, కిందకి వెళ్ళి ఉడుత తరపున జవాబు రాయడానికి కూర్చున్నాను.

మొదట రాసింది: "అమ్మాయి నిర్ణయానికే వదిలేయడం ఉత్తమం." చదివితే, ఎదురింటి గొడవలో తల దూర్చడం ఇష్టంలేని మనిషి రాసినట్టుంది. కొట్టేశాను.

తరవాత: "ఆ అమ్మాయికి ఈ బూట్లు సరిపోయాయండీ." పోస్టాఫీసులో రిటైరైనాయనకి నా కాలి సైజు ఎలా తెలుస్తుంది? కొట్టేశాను.

తరవాత ఒక పేజీ రాశాను. అందులో వెనక గది కిటికీ, మిషన్ మొదలయ్యే ముందు వచ్చే చిన్న మూలుగు, భోజనాల దగ్గర పిన్ని చెప్పే కస్టమర్ల కథలు, అన్నీ వచ్చేశాయి. అదీ కొట్టేశాను.

చివరికి పంపింది ఒక్క మాట: "అడగండి."

జూన్ 23, సోమవారం

అడగలేదు.

జూన్ 24, మంగళవారం

పొద్దున్న, "ఇలా రావే, నిన్నొకటి అడగాలి" అంది పిన్ని. జవాబు పెదవుల దాకా తెచ్చుకుని వెళ్ళి నిలబడ్డాను.

"పెద్ద కత్తెర ఎక్కడ పెట్టావు?"

జూన్ 25, బుధవారం

అడగలేదు. కత్తెర కూడా అడగలేదు.

బహుశా ఉడుత మాట మీద గౌరవం పోయి ఉంటుంది. లేదా ఆలోచించగా ఆలోచించగా, పంపడమే మంచిదనిపించి ఉంటుంది. లైబ్రరీ మంచి చోటే. వెలుతురు బాగా వస్తుంది. సిస్టర్ మంచివారు. నాకేం, ఎక్కడైనా ఒకటే.

ఎక్కడైనా ఒకటే అని రెండుసార్లు రాసి ఒకటి కొట్టేశాను.

జూన్ 26, గురువారం

మధ్యాహ్నం ఉడుతకి పిన్ని దగ్గరనుంచి ఇంకో ఉత్తరం. ఈసారి ఒక్క వాక్యమే.

"అడిగాను ఉడుత గారూ, అది ఇంతవరకూ జవాబు చెప్పలేదు."

ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడడిగింది? కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నానే, నన్నెప్పుడడిగింది? పెద్దాయనతో, అందులోనూ మోకాళ్ళ నొప్పులతో బాధపడే మనిషితో, ఇంత పచ్చి అబద్ధమా? పైగా తప్పు నాదన్నట్టు! ఆయన నా గురించి ఏమనుకుంటాడు?

లేచాను. మధ్య గది దాటాను. ముందు గదిలో పిన్ని, పళ్ళ డాక్టరమ్మ చెరో కొసా పట్టుకుని మొసలి కర్టెన్ మడత పెడుతున్నారు.

"నన్నెప్పుడడిగావు?" అన్నాను. నా గొంతేనా అనిపించింది. "ఎప్పుడడిగావు పిన్నీ నువ్వు? సోమవారంనుంచి చూస్తున్నాను. కత్తెరేదీ అని తప్ప ఇంకో ముక్క అడిగావా నన్ను? అడిగానని రాయడానికి నోరెలా వచ్చింది? అది జవాబు చెప్పలేదట! అడిగితే కదా చెప్పడానికి!"

మధ్య గదిలో మిషన్ ఆగిపోయింది.

"అరె, ఈ అమ్మాయి మాట్లాడుతుందా!" అంది డాక్టరమ్మ.

పిన్ని తలెత్తలేదు. కర్టెన్ అంచు అంచుకి కలిపి, చేత్తో నున్నగా రాసి, అప్పుడు అంది: "మోకాళ్ళు తగ్గాయా ఉడుత గారూ?"

నేను ఏమన్నానో, అసలు ఎలా అన్నానో, ఆ ఉత్తరం చదవాల్సింది ఎవరో, అన్నీ అప్పుడు ఒకదాని వెనక ఒకటి తెలిసొచ్చాయి. నేల చీలితే అందులోకి దిగిపోయేదాన్ని. చీలలేదు. మిషనక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది, పారిపోయే దారి కూడా పోయింది.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నీకు జ్వరం వచ్చిన రోజునుంచి" అంది పిన్ని. "సైటులోంచి కుందేలుని దించాను. మిషన్ కోసం కుడికి వంచాలని నాకు గుర్తులేదు, ఆ పని నీది కదా. ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. ఇదేమిటి చెప్మా అనుకున్నాను. మన పెద్ద మిషన్ మీద తిన్నగా రావాలంటే ఆ బొమ్మ ముందే కుడికి వంగి ఉండాలి. లోకంలో ఏ పిచ్చివాడు ముందే వంచి పెడతాడే? మన మిషన్ మెట్ల మీద పడిందని ముగ్గురికే తెలుసు. నేను గీయలేదు."

"నేను గీయలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు కూడా లేవు" అంది మిషనక్క.

వంచి సేవ్ చేయడం నా చేతికి అంతగా అలవాటైపోయింది. నా బొమ్మల్ని కూడా వంచేశాను, వంచినవే లోకానికంతా పంచిపెట్టాను. ఎన్ని ఇళ్ళల్లో నా కుందేళ్ళు పక్కకి ఒరిగి నిలబడ్డాయో.

"తెలిసి కూడా నాచేత మనవల్ని పుట్టించావు" అన్నాను.

"భార్యని కూడా ఇచ్చావుగా, నాకు అడ్డం రాకుండా" అంది పిన్ని. మిషనక్క గోడకి ఆనుకుని నవ్వింది. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు.

"ఎదురుగా అడిగితే సరే పిన్నీ అనేస్తావు. నీ సరేలు నాకు తెలుసు. ఆ ముసలాయనకైతే నిజం చెప్తావేమోనని ఆయన్ని పట్టుకుని అడిగాను. ఆయనేమో అడగండి అని నా మీదకే తోశాడు." కర్టెన్ బల్ల మీద పెట్టింది. "మరి అడిగానా, లేదా?"

"అడిగావు."

"మరి?"

"ఉంటాను."

"మొహమాటానికా?"

అందరూ నన్నే చూస్తున్నారు. కాదు అంటే నమ్మదు. బూట్లు సరిపోయాయని కూడా ఇలాగే చెప్పి ఉంటాను.

"ఆ కుర్చీ మార్చాలి" అన్నాను. "నడుము పడిపోతోంది. కంప్యూటరుని కిటికీకి పక్కగా తిప్పాలి, ఎండ నేరుగా కళ్ళల్లో కొడుతోంది. నేను వేసే డిజైన్లు నా పేరు మీద ఉండాలి. కస్టమర్లతో మాట్లాడమంటే మాత్రం మాట్లాడను."

పిన్ని నోరు తెరిచింది. రేపు మొసలిని చూసే పిల్లల్లో ఎవరూ అంత తెరవరు.

"నడుము నొప్పి ఎప్పటినుంచే?"

"వచ్చిన దగ్గరనుంచీ."

"చూశారా డాక్టరు గారూ?" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. "మీరు పళ్ళే పీకుతారు. దీని నోట్లోంచి మాట పీకడానికి నాకింత పట్టింది."

జూన్ 27, శుక్రవారం

పిన్ని పొద్దున్నే తన కుర్చీ తెచ్చి నా బల్ల ముందు వేసి, నాది తను తీసుకుంది. ఒక గంట కూర్చుని, "దీని మీద ఇన్నాళ్ళు ఎలా కూర్చున్నావే, ఇది కుర్చీయా, కొయ్య గుర్రమా?" అని గోడకి చేర్చి పెట్టింది. ఇవాళ నిలబడే కస్టమర్లతో మాట్లాడింది.

సైటులో ఉన్న డిజైన్లన్నీ తిన్నగా చేసి మళ్ళీ పెట్టాను. కుందేలు తాగి ఉందా అని అడిగినావిడకి, లేదండీ, వేసిన మనిషిది తప్పు అని క్షమాపణ రాశాను. "మోకాళ్ళ నొప్పులతో కూడా ఇంత శ్రద్ధగా చేస్తున్నారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి తాతగారూ" అని ఆవిడ వెంటనే జవాబిచ్చింది. పిన్ని ఆ సంగతి సైటంతా చాటి ఉన్నట్టుంది.

మిషనక్క కొత్త బొమ్మ అడిగింది. ఏం కావాలంటే, "చేతికర్ర పట్టుకున్న ఉడుత" అంది. మధ్యాహ్నం వేసిచ్చాను. చేతికర్రకి గోధుమ రంగు, తోకకి రెండు రకాల బూడిద రంగు.

షాపు మూసేముందు పిన్ని ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"సిస్టర్‌కి చెప్పెయ్యవే ఇక. పాపం ఆవిడ నీ మాట కోసం కాచుకుని ఉంటుంది."

"చెప్తాలే" అన్నాను.

సిస్టర్ అడిగిన మర్నాడే, మే నెలలోనే, నేను రానని ఫోన్ చేసి చెప్పేశాను.